అంతరాత్మ ప్రబోధం

పార్టీ మాట కాదని ఓటు వేసే శాసనసభ్యుడికి పత్రికలు అరువిచ్చే మాట ఇది. సంస్కృతంలో ప్రబోధం అంటే మేలుకోవడం. తెలుగులో అది ఉపదేశంగా మారింది. కనుక తెలుగు చెవికి ఈ మాటలో లోపలి మనిషి ఎవరో హితవు చెబుతున్న ధ్వని వినిపిస్తుంది.

దీన్ని రాజకీయ నానుడిగా మార్చింది 1969 రాష్ట్రపతి ఎన్నిక. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అనంతపురం మెట్టనేలల్లోని ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. ఆయన నామినేషన్ పత్రం మీద సంతకం చేసిన ఇందిరాగాంధీయే తర్వాత పార్టీ ఆదేశమైన విప్ జారీకి నిరాకరించి, సభ్యులు అంతరాత్మ చెప్పినట్టు ఓటు వేయాలన్నారు. స్వతంత్రుడిగా నిలిచిన వి.వి.గిరి రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో 4,20,077 ఓట్ల విలువతో గెలిచారు. సంజీవరెడ్డికి దక్కింది 4,05,427. ఆ ఏడాదే కాంగ్రెస్ చీలింది. విచిత్రమేమంటే, 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే పార్టీ సభ్యత్వం వదులుకున్న మనిషే పార్టీ విధేయతకు పరీక్ష అయ్యారు. 1977లో ఆయనే ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక సభలో విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. రాష్ట్రపతి ఎన్నికకు విప్ వర్తించదు, ఓటు రహస్యం. అందుకే ఈ మాట ఇప్పటికీ ఎక్కువగా అక్కడే వినిపిస్తుంది. పార్టీ మాట కాదన్న ఓటును గెలిచినవారు అంతరాత్మ అంటారు, ఓడినవారు క్రాస్ ఓటింగ్ అంటారు.