చున్యో

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతంలో, ముఖ్యంగా నేటి పెరూ, బొలీవియా దేశాలకు చెందిన ఎత్తైన పీఠభూమిలో, బంగాళాదుంపలను గడ్డకట్టించి, ఎండబెట్టి తయారుచేసే నిల్వ ఆహారం చున్యో. సముద్రమట్టానికి సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న టిటికాకా సరస్సు పరిసరాల్లో జూన్, జూలై నెలల రాత్రులు నీరు గడ్డకట్టేంత చలిగా ఉంటాయి. పగలు ఎండ తీవ్రంగా కాస్తుంది. తవ్విన దుంపలను కొన్ని రాత్రులు ఆరుబయట పరిచి ఉంచితే లోపలి నీరు మంచుపలుకులై కణాల గోడలను చీలుస్తుంది. పగటివేళ కరిగి మెత్తబడ్డ దుంపలను కాళ్లతో తొక్కి, నీరు పిండి, తొక్క ఊడగొట్టి ఎండలో ఆరబెడతారు. మన వరుగుల్లో ఎండ ఒక్కటే చేసే పనిని ఇక్కడ చలి సగం పంచుకుంటుంది. నాలుగైదు కిలోల పచ్చి దుంపలకు ఒక కిలో చున్యో వస్తుంది. తొక్కడానికి ముందో తర్వాతో దుంపలను వారాల తరబడి పారే నీటిలో నాననిస్తే తెల్లని రకం తయారవుతుంది. దీనిని ఐమారా ప్రజలు తుంతా అంటారు.

బంగాళాదుంప చరిత్ర రాసేవారు సాధారణంగా దాని సాగుకే పెద్దపీట వేస్తారు. కాని తవ్విన తర్వాత కూడా దుంప బతికే ఉంటుంది, శ్వాసిస్తుంది, మొలకెత్తుతుంది, నీటి బరువంతా మోస్తుంది. ఆ జీవాన్ని ఆపి, బరువు తగ్గించిన చున్యో వల్లనే అది ఏళ్ల తరబడి దాచదగిన, దూరం మోయదగిన ఆహారమైంది. 1545లో వెండి బయటపడ్డ, నేటి బొలీవియాలోని పోతోసీ ఇందుకు బలమైన సాక్ష్యం. 4,000 మీటర్లు దాటిన ఆ కొండమీద పంటలు అంతంతమాత్రం. గని కూలీలకు చున్యో అమ్మి కొందరు స్పెయిన్ వర్తకులు ధనవంతులై స్వదేశం చేరారని స్పెయిన్ చరిత్రకారుడు పెద్రో సియేసా దె లియోన్ 1553లో ప్రచురించిన గ్రంథంలో నమోదు చేశాడు. నిశితమైన ఈ పరిశీలకుడి తర్వాత హోసే దె అకోస్తా 1590లో, బెర్నాబే కోబో 1653లో చున్యో తయారీని వర్ణించారు. ఆ తర్వాత కూడా పద్ధతి పెద్దగా మారలేదు.

ఇన్కా సామ్రాజ్యాన్ని పోషించింది మొక్కజొన్న కదా అన్న అభ్యంతరం ఉంది. రాజ్య వేడుకల్లో మొక్కజొన్నకే అగ్రస్థానం దక్కిన మాట నిజం. అయితే సామాన్యుల దుంపల కన్నా ఆ వేడుకలనే నాటి చరిత్రకారులు ఎక్కువగా వర్ణించారని మానవశాస్త్రవేత్త జాన్ ముర్రా 1960లో ఎత్తిచూపాడు. పైగా మొక్కజొన్న పీఠభూమి చలిని తట్టుకోవడం కష్టం. చున్యోలో, ముఖ్యంగా నానబెట్టిన రకంలో, విటమిన్ సి, మాంసకృత్తులు తగ్గుతాయన్న రెండో విమర్శ సరైనదే. కాని దాని పని కరువు ఏడాదికి పిండిపదార్థం మిగల్చడం. మిగతా పోషకాలు కీన్వా గింజల నుంచి, లామా ఎండుమాంసం నుంచి అందేవి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చేదు దుంపలది. మంచును తట్టుకునే లూకీ రకాల్లో చేదు విషపదార్థాలు ఎక్కువ. ఉడికించినా అవి పోవు. గడ్డకట్టించి, నానబెట్టి, పిండితేనే చాలావరకు తగ్గుతాయి. కనుక మామూలు బంగాళాదుంప చచ్చిపోయే ఎత్తుల్లో రైతు ఏ విత్తనం నాటాలో కూడా ఈ నిల్వ పద్ధతే నిర్ణయించింది.