మౌనం అర్ధాంగీకారమా?

ఈ యేడు మా కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థులకు నాలుగు మంచిమాటలు చెప్పే కార్యక్రమం రెండు రోజులు జరిగింది. మొదటి రోజు మత్తుపదార్థాలు, రెండవ రోజు ఆడపిల్లల రక్షణ. రెండవది నా వంతుకు వచ్చింది. సమ్మతి అంటే యేమిటని అడిగాను. వెనక బెంచీ మీద కుర్రవాడొకడు తడుముకోకుండా "మౌనం అర్ధాంగీకారం సార్" అన్నాడు. తరగతి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ప్రబంధాలలో నాయిక తల వంచుకున్న చోటల్లా, కొన్నేళ్లుగా ఆ మాటనే వ్యాఖ్యానంగా చెబుతూ వచ్చినవాణ్ణి నేను.

ఈ సామెత ఇంట్లో పుట్టినా కోర్టుల్లో పెరిగింది. 1860 నాటి శిక్షాస్మృతి బాలిక సమ్మతి వయస్సును పదేళ్లుగా నిర్ణయించింది. 1890లో కలకత్తాలో, భర్త చేతిలో మరణించిన ఫూల్‌మణి కేసు విచారణకు వచ్చింది. ఆ పిల్లకు పదకొండేళ్లు. పది దాటాయి గనుక అది అత్యాచారం కాలేదు. అతనికి ఒక్క సంవత్సరం కఠిన శిక్ష పడింది. 1891లో ఆ వయస్సును పన్నెండుకు పెంచబోతే తిలక్ వంటి నాయకులే యెదురు నిలిచారు. పరాయి ప్రభుత్వం మన ఇళ్లలో జొరబడరాదన్నది వారి వాదం. వారి దేశాభిమానాన్ని నేను శంకించను. కాని ఆ ఇళ్లలో పిల్ల మాట యెవరడిగారు? గురజాడ 1897లో కన్యాశుల్కానికి రాసిన ఇంగ్లీషు పీఠికలో విశాఖపట్నం జిల్లా లెక్క ఒకటి వుంది. మూడేళ్లలో నమోదైన కన్యాశుల్క వివాహాలు 1034. వధువుల్లో అయిదేళ్లవారు 99 మంది, యేడాది పసికందులు ముగ్గురు. యేడాది పిల్ల మౌనం యెన్నో వంతు అంగీకారం?

స్వతంత్రం వచ్చిన తర్వాత కూడా ఈ లెక్క సరికాలేదు. 1972 మార్చిలో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ పోలీసు ఠాణాకు ఒక గిరిజన కూలిపిల్లను వాంగ్మూలం కోసం రాత్రివేళ పిలిపించారు. వెంట వచ్చినవాళ్లను బయటికి పంపి ఆమెను లోపల వుంచారు. మథుర కేసుగా దేశమంతా యెరిగింది దీన్నే. సెషన్స్ కోర్టు ఇద్దరు పోలీసులనూ విడిచిపెట్టింది. భయంతో లొంగిపోవడం సమ్మతి కాదని హైకోర్టు నాగపూర్ బెంచి శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించిన గుర్తులు లేవు, కనుక సమ్మతి వున్నట్టే! మా వెనక బెంచీ సామెతకు యింతకంటె పెద్ద పీట యెవరూ వేయలేదు.

ఆ తీర్పును నిలదీసింది ఉపాధ్యాయులు. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979 సెప్టెంబరులో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ రాశారు. లొంగిపోవడానికీ ఒప్పుకోవడానికీ మధ్య గీత గీయమన్నారు. పాఠాలు చెప్పుకునేవాళ్లకు యిటువంటి పనులెందుకని అడిగే సహోద్యోగులు నాకూ వున్నారు గనుక, ఈ సంగతి కాస్త గట్టిగా చెబుతున్నాను.

హైదరాబాదు దీనికి దూరంగా లేదు. 1978లో నల్లకుంట ఠాణాలో రమీజాబీకి అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కే భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమన్నది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు రాయచూరుకు బదిలీ అయింది, 1981లో నిందితులందరూ విడుదలయ్యారు.

ఈ రెండు కేసులు రేపిన ఆందోళన ఫలితంగా 1983లో చట్టం కొంత మారింది. పోలీసు నిర్బంధంలో వున్న స్త్రీ తాను ఒప్పుకోలేదని సాక్ష్యమిస్తే, కోర్టు ఆ మాటతోనే మొదలుపెట్టాలి. పెనుగులాడనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదన్న వాక్యం మాత్రం 2013 దాకా చట్టంలోకి ఎక్కలేదు. దేశాయిగంజ్ నుంచి నలభై ఒక్క యేళ్లు. 2024 జూలైలో అమలులోకి వచ్చిన న్యాయసంహిత కూడా దాన్ని నిలుపుకుంది. పద్దెనిమిదేళ్లు నిండిన భార్యకు మాత్రం ఆ రక్షణ లేదు. పెళ్లిపీట మీద సామెత యింకా చెల్లుతూనే వుంది.

మత్తుకు ఒక రోజు, సమ్మతికి ఒక రోజు అని మేము విడదీసినదాన్ని 1860 నాటి స్మృతి విడదీయలేదు. చేస్తున్నదేమిటో తెలియని మత్తులో అన్న "సరే" అసలు సమ్మతే కాదని అందులోనే వుంది. తనంత తానుగా తాగినవాడికి మత్తు సాకు కాదని కూడా అందులోనే వుంది. మనవాళ్ల తీర్పు దీనికి సరిగ్గా తలకిందులు. అబ్బాయి అయితే "పాపం, తాగి చేశాడు", అమ్మాయి అయితే "తాగడానికి వెళ్లిందిగా, తెలియదా?" మొదటి రోజు అతిథిగా వచ్చిన పెద్దమనిషి గంజాయి వల్ల చదువు చెడుతుందని చెప్పారు. నిజమే. కాని స్పృహతప్పిన స్నేహితుణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ, ఒంటరిగా వదలరాదనీ, తిట్లకు జడవకుండా 108కి ఫోన్ చేయాలనీ యెవరూ చెప్పలేదు. ఆ అయిదు నిమిషాలూ నా గంటలోంచి తీసుకున్నాను.

ప్రశ్నలుంటే పేరు లేకుండా కాగితం మీద రాసి బల్ల మీద పెట్టమన్నాను. ఎక్కువ భాగం హాజరు గురించీ హాస్టలు గురించీ. ఒక చీటీలో మాత్రం గుండ్రటి అక్షరాలతో, "నేను వద్దు అనలేదు. భయమేసి నోరు రాలేదు. తప్పు నాదేనా?" అని వుంది.

అరవైమందిలో యెవరో నాకు తెలియదు, తెలుసుకోబోలేదు. మరునాడు పద్యం పాఠం ఆపి, చంద్రపూర్ కథ మళ్లీ మొదటినుంచి చెప్పాను. పెనుగులాడనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదన్న ఆ వాక్యం సారాన్ని తెలుగులో నల్లబల్ల మీద రాశాను. ఆఫీసుగది గోడ మీద వున్న ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లూ, ఫోన్ నంబర్లూ దాని కింద యెక్కించాను. సామెత చెప్పిన కుర్రవాడు కూడా తల వంచుకుని రాసుకుంటున్నాడు. గంట కొట్టినా బల్ల తుడవలేదు.