అనుమతి కోరిన ఆగ్రహం: సీతానగరం ఘటన, గోదావరి జిల్లాల్లో శాంతిభద్రతల చర్చ

2020 మే 25న మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు మోకాలి కింద ఊపిరాడక చనిపోయాడు. అమెరికా వీధులు భగ్గుమన్నాయి. అక్కడి జాత్యహంకారం గురించి తెలుగువాళ్లం చాలానే మాట్లాడుకున్నాం. రెండు నెలలు తిరగకముందే తూర్పు గోదావరి జిల్లా సీతానగరం పోలీస్ స్టేషన్‌లో ఒక దళిత యువకుణ్ణి కొట్టి, తల గొరిగి, మీసం తీసేశారు. ఇసుక లారీలను అడ్డుకున్న గొడవ దానికి మూలం. ఎస్సైని సస్పెండ్ చేసి అరెస్టు చేశారు. అట్రాసిటీ కేసు పెట్టారు.

తల గొరగడం ఈ సీమకు కొత్త కాదు. 1996 డిసెంబరు 29న వెంకటాయపాలెంలో దళిత యువకులకు శిరోముండనం చేసిన కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది. అప్పటికి ఎమ్మెల్సీగా ఉన్న తోట త్రిమూర్తులుకూ మరికొందరికీ 18 నెలల జైలుశిక్ష పడింది. కింది కోర్టు తీర్పుకే 27 ఏళ్లు పైగా పట్టింది. 2016లో అమల్లోకి వచ్చిన అట్రాసిటీ చట్ట సవరణ బలవంతంగా తల గొరగడాన్ని, మీసం తీయడాన్ని పేరుపెట్టి మరీ నేరాల్లో చేర్చింది. ఆ చట్టాన్ని అమలు చేయాల్సిన చోటే సీతానగరంలో ఆ నేరం జరిగింది.

ఆ యువకుడు తర్వాత చేసిన పనిని పరిశోధకులు శ్రద్ధగా చదవాలి. 2020 ఆగస్టులో అతను రాష్ట్రపతికి లేఖ రాశాడు: తనకు న్యాయం జరగలేదు, నక్సలైట్లలో చేరడానికి అనుమతి ఇవ్వండి అని. దాన్ని బెదిరింపుగా తీసుకున్నవాళ్లు ఒక విషయం వదిలేశారు. తుపాకీ పట్టదలచినవాడు ఎవరి అనుమతీ అడగడు. రాజ్యాంగ పీఠానికి అర్జీ పెట్టుకున్నవాడికి ఆ పీఠం మీద ఇంకా నమ్మకం మిగిలే ఉంది. నా దృష్టిలో అది చట్టం గడప దాటని నిరసన. అయినా దెబ్బలకు రానంత స్పందన నక్సలైటు అన్న మాటకు వచ్చింది. రాష్ట్రపతి కార్యాలయం లేఖను రాష్ట్ర ప్రభుత్వానికి పంపింది. దేశమంతా ఆ వార్త చదివింది.

ఇదే గోదావరి ప్రాంతం రెండేళ్లకు నిజమైన విధ్వంసాన్నీ చూసింది. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో గుంపులు మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్‌ల ఇళ్లకు నిప్పుపెట్టాయి. రాళ్ల దాడిలో పోలీసులకు గాయాలయ్యాయి. అక్కడ కోపానికి కారణం ఒక పేరు. సీతానగరంలో కారణం లాకప్ దెబ్బలు. రెండింటినీ శాంతిభద్రతల సమస్య అన్న ఒకే గాటన కడితే, అన్యాయం ఎక్కడ మొదలైందన్న ప్రశ్న మరుగున పడుతుంది.

అదే ఏడాది జూలై 4న భీమవరంలో ప్రధాని మోదీ అల్లూరి సీతారామరాజు 30 అడుగుల కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడిచేసి ఆయుధాలు తీసుకెళ్లిన వీరుడాయన. అడవి చట్టాలు, కూలి ఇవ్వని వెట్టిచాకిరీ ఆ తిరుగుబాటును పుట్టించాయని పాఠ్యపుస్తకాలే చెబుతాయి. అంటే కారణాలు వెతకడం మనకు చేతకాదని కాదు. వలస పాలకుల పోలీసుల విషయంలో వెతుకుతాం, మన పోలీసుల విషయంలో ఆపేస్తాం. హింసను సమర్థించడానికి ఈ మాట అనడం లేదు. అర్జీ పెట్టుకున్న మనిషికి కనీసం అంత వివరమైన విచారణ దక్కాలి.

అలాంటి విచారణకు సాక్ష్యం కావాలి. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో మాటలు కూడా రికార్డయ్యే సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డులను 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని ఆదేశించింది. గోదావరి జిల్లాల్లో ఏ స్టేషన్‌లో ఇది అమలవుతోందో సమాచార హక్కు చట్టం కింద అడిగి, వచ్చిన జవాబులను అచ్చువేయడం ఇక్కడి పరిశోధకులూ పౌరహక్కుల సంఘాలూ వెంటనే చేపట్టాల్సిన పని.