ఫ్రాంజ్ జోసెఫు చక్రవర్తియు, వెట్టి విముక్తియు

ఆస్ట్రియా చక్రవర్తియగు ఫ్రాంజ్ జోసెఫు 1830 ఆగస్టు 18వ తేదీన వియన్నాలోని షోన్‌బ్రూన్ రాజభవనమున జన్మించెను. 1848 డిసెంబరు 2వ తేదీన పెదతండ్రియగు ఫెర్డినాండు సింహాసనమును విడువగా, పదునెనిమిదేండ్ల ప్రాయమున రాజై, దాదాపు 68 సంవత్సరములు పాలించెను.

ఆయన రాజగుటకు కొలది మాసముల ముందే యొక గొప్ప కార్యము జరిగెను. ఆ దేశపు రైతులు తరతరములుగా భూస్వాములకు కూలిలేని పని చేయుచుండిరి. వెట్టి యననేమో తోటలలో చెమటోడ్చువారికి వేరుగా చెప్ప నక్కరలేదు. 1848 జూలైలో హాన్స్ కుడ్లిఖ్ అను రైతుబిడ్డ, శాసనసభలో నందరికంటె పిన్నవాడు, ఈ వెట్టి తొలగవలెనని తీర్మానము తెచ్చెను. సెప్టెంబరు 7వ తేదీన నది శాసనమయ్యెను.

క్రొత్త చక్రవర్తి 1849 మార్చిలో ఆ సభను రద్దుచేసెను. తానిచ్చిన రాజ్యాంగమును 1851 డిసెంబరు 31వ తేదీన తానే కొట్టివేసెను. పరదేశమునకు పారిపోయిన కుడ్లిఖునకు 1854లో పరోక్షముననే మరణశిక్ష విధింపబడెను. అయినను వెట్టి మరల రాలేదు. పలు ప్రాంతములలో దొరలకు రావలసిన సేవల విలువ కట్టి, మూడవవంతు దొరలు వదలుకొనునట్లును, మూడవవంతు ప్రభుత్వమును, మూడవవంతు రైతులును చెల్లించునట్లును ఏర్పాటయ్యెను. విడుదలకు సైతము రైతు వెల యిచ్చుకొనవలసి వచ్చెను.

చక్రవర్తి తెల్లవారకమునుపే లేచి కాగితములు చూచు శ్రమజీవి. దుఃఖములును పెక్కు. తమ్ముడు మాక్సిమిలియను 1867లో మెక్సికోలో కాల్చబడెను. కుమారుడు రుడాల్ఫు 1889లో ప్రాణము తీసికొనెను. భార్య ఎలిజబెత్తు 1898లో జెనీవాలో హత్య చేయబడెను. 1907లో ఆస్ట్రియా భాగమున పురుషులందరికిని ఓటుహక్కు వచ్చెను. కాని 1914 జూలై 28వ తేదీన ఆయన సెర్బియాపై ప్రకటించిన యుద్ధము లోకమంతట నలముకొనెను. ఆ సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మను నౌకయగు ఎమ్డెను మద్రాసుపై గుండ్లు కురిపించెను.

1916 నవంబరు 21వ తేదీన చక్రవర్తి తాను పుట్టిన భవనముననే మరణించెను. రెండేండ్లకే సామ్రాజ్యము ముక్కలయ్యెను. అమెరికాలోని హోబోకెను పట్టణమున వైద్యుడై జీవించిన కుడ్లిఖ్ 1917 నవంబరులో కన్నుమూసెను. అతడు దింపించిన వెట్టికాడిని ఆ రైతుల మెడపై మరల నెత్తుటకు ఏ రాజును పూనుకొనలేదు.