ఎకనామిక్సా? అకౌంటెన్సీయా? - ఐర్లండ్ చెప్పే పాత కథ

(కమ్యూనిటీ రేడియో ప్రసంగ పాఠం)



పోయినసారి కార్యక్రమం అయ్యాక ఒక తల్లి ఫోన్ చేశారు. వాళ్ళబ్బాయి లీవింగ్ సర్ట్ రాస్తున్నాడట. ఐర్లండులో లేని శ్రోతల కోసం చెబుతున్నాను, లీవింగ్ సర్ట్ అంటే మన ఇంటర్మీడియట్ ఆఖరి పరీక్షలాంటిది. అందులో వచ్చిన గ్రేడ్లని పాయింట్లుగా మారుస్తారు. హయ్యర్ లెవెల్ లెక్కలకిచ్చే 25 అదనపు పాయింట్లు కలుపుకుంటే మొత్తం 625. ఆ పాయింట్లని బట్టి కాలేజీ సీటు. "అన్నయ్యగారూ, దరఖాస్తులో ముందు ఎకనామిక్స్ పెట్టమంటారా, అకౌంటెన్సీ పెట్టమంటారా? రెండూ ఒకటేగా?" అని అడిగారావిడ.

ఒకటే అనుకోవడం ఆవిడ తప్పేమీ కాదు. మన ఇంటర్మీడియట్ ఎంఇసి, సిఇసి గ్రూపుల్లో ఎకనామిక్స్, కామర్స్ పక్కపక్కనే కూర్చుంటాయి. చిన్నప్పట్నుంచీ ఆ రెంటినీ కవల పిల్లల్లా చూశాం. కానీ ఐర్లండులో ఈ రెండు చదువులూ వేర్వేరు ఇళ్ళల్లో, వేర్వేరు అవసరాలకి పుట్టాయి. ఈ పూట ఆ కథ చెప్పుకుందాం. ఆవిడ ప్రశ్నకి జవాబు అందులోనే ఉందని నా నమ్మకం.

ముందు ఎకనామిక్స్ సంగతి. రిచర్డ్ వేట్లీ అని ఆక్స్‌ఫర్డులో పొలిటికల్ ఎకానమీ ఆచార్యుడు ఉండేవాడు. 1831లో ఆయన డబ్లిన్‌కి ఆర్చిబిషప్‌గా వచ్చాడు. వచ్చిన మరుసటి ఏడే, 1832లో, ట్రినిటీ కాలేజీలో పొలిటికల్ ఎకానమీకి ఒక ఆచార్య పీఠం ఏర్పాటు చేశాడు. మొదట ఆ పీఠం ఎక్కింది మౌంటిఫోర్ట్ లాంగ్‌ఫీల్డ్. ఆయన న్యాయశాస్త్రం చదివినవాడు. ఆయన తరవాత వచ్చిన ఐజక్ బట్ కూడా లాయరే. తర్వాతి కాలంలో ఐర్లండ్ హోమ్ రూల్ ఉద్యమాన్ని మొదలుపెట్టింది ఈ బట్టే. అంతటితో ఊరుకోక వేట్లీ, బడి పిల్లల కోసం డబ్బు సంగతుల మీద ఒక చిన్న పాఠాల పుస్తకం కూడా రాశాడు.

ఆ రోజుల్లో ఐర్లండులో అందరి నోటా ఉన్న ప్రశ్న ఒక్కటే: ఈ జనం ఎందుకింత బీదగా ఉన్నారు? భూమి, కౌలు, కూలి - వీటి చుట్టూ తిరిగే ప్రశ్న. 1845లో బంగాళాదుంప తెగులు వచ్చింది. తర్వాతి కొన్నేళ్ళలో సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కారు. ఆ కరువు మధ్యలోనే, 1847లో, డబ్లిన్‌లో స్టాటిస్టికల్ సొసైటీ పుట్టింది. దానికి తొలి అధ్యక్షుడు మళ్ళీ మన వేట్లీయే.

1832 అనగానే మా గుంటూరు వాళ్ళకి ఇంకొకటి గుర్తు రావాలి. అది నందన నామ సంవత్సరం. నందన కరువు, డొక్కల కరువు అని పెద్దవాళ్ళు చెప్పుకునేది ఆ ఏడు మొదలైందే. గుంటూరు జిల్లాలో లక్షకు పైగా జనం పోయారు. అప్పటికి కృష్ణ మీద ఆనకట్ట లేదు. అది 1850లలో వచ్చింది. కుంపెనీ కచేరీలో శిస్తు ఎంత వసూలైందో, ఎంత బాకీ పడిందో మాత్రం పద్దులున్నాయి. డబ్లిన్‌లో "ఎందుకు" అని అడగడానికి ఒక కుర్చీ వేసిన ఏడాదే, మన ఊళ్ళో "ఎంత" అని రాసుకునే కచేరీ తప్ప ఇంకేమీ లేకపోయింది.

ఇక అకౌంటెన్సీ. ఇది విశ్వవిద్యాలయంలో పుట్టలేదు. మన కంసాలి, వడ్రంగి పనుల్లా గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే విద్యగా మొదలైంది. దివాలా తీసిన వ్యాపారాల ఆస్తులు తేల్చడానికీ, రైల్వే కంపెనీల్లో, బ్యాంకుల్లో వాటాదార్ల సొమ్ము సరిగ్గా ఉందో లేదో చూడటానికీ నమ్మకస్తులు కావలసి వచ్చారు. 1888లో విక్టోరియా రాణి చార్టర్‌తో ఐర్లండ్ చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఏర్పడింది. కుర్రాళ్ళు ఒప్పందం రాసుకుని ఆఫీసుల్లో చేరి, ఏళ్ళ తరబడి పనిచేస్తూ పరీక్షలు రాసేవారు. మొదట్లో అంతా మగవాళ్ళే. 1925లో ఐలీన్ వుడ్‌వర్త్ సభ్యురాలైన తరవాత గానీ ఆ తలుపు ఆడవాళ్ళకి తెరుచుకోలేదు.

1908 చట్టంతో నేషనల్ యూనివర్సిటీ ఏర్పడ్డాక కామర్స్‌కి డిగ్రీ హోదా వచ్చింది. అయినా పాత అలవాటు పోలేదు. ఇప్పటికీ ఇక్కడ చార్టర్డ్ అకౌంటెంట్ కావాలంటే డిగ్రీ సగం దారే. మూడు, మూడున్నర ఏళ్ళ ట్రెయినింగ్ కాంట్రాక్టు, దానితోపాటు సంస్థ పెట్టే పరీక్షలు ఉంటాయి. అకౌంటెన్సీ డిగ్రీ చదివినవాళ్ళకి మొదటి మెట్టు పరీక్షల్లో మినహాయింపులు దొరుకుతాయి. అంతేగాని వేరే డిగ్రీ చదివినవాళ్ళకి తలుపేమీ మూసుకుపోదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇంతకీ ఐర్లండులో చదువుకున్న తెలుగువాళ్ళలో పేరున్న పెద్దాయన ఎవరు? వరాహగిరి వెంకటగిరి గారు. బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టి, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వచ్చారు. యూనివర్సిటీ కాలేజీ డబ్లిన్, కింగ్స్ ఇన్స్ - రెండు చోట్లా చదివారు. ఆయన వచ్చిన ఏడే డబ్లిన్‌లో ఇరవై వేల మంది కార్మికులని యజమానులు పనిలోంచి తరిమేశారు. ఆ పెద్ద లాకౌట్ అయిదు నెలలు సాగింది. అప్పట్లో యూసీడీలో నేషనల్ ఎకనామిక్స్ ఆచార్యుడు టామ్ కెటిల్ రెండు పక్షాలనీ రాజీకి తేవాలని ఒక కమిటీ కూర్చి ప్రయత్నించాడు. 1916 తిరుగుబాటు తరవాత గిరి గారు ఐర్లండ్ వదలవలసి వచ్చింది. ఇండియాకి వెళ్ళి రైల్వే కార్మికుల నాయకుడయ్యారు, కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పుని ప్రభుత్వం మార్చిందని 1954లో ఆ పదవి వదులుకున్నారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. భారత పరిశ్రమల్లో కార్మిక సమస్యల మీద పుస్తకం రాశారు. చదివింది లా. జీవితమంతా తేల్చుకోవాలని చూసింది మాత్రం కూలి ఎంత ఉండాలి, ఎందుకుండాలి అన్న ప్రశ్న.

ఐర్లండ్ వాళ్ళలో ఇలాంటి కథే టి.కె. విటేకర్‌ది. 1934లో పోటీ పరీక్ష రాసి సివిల్ సర్వీసులో చేరాడు. పగలు ఆఫీసు, రాత్రి చదువు. లండన్ విశ్వవిద్యాలయం డిగ్రీలు ఇక్కడ కూర్చునే సంపాదించాడు, అందులో ఆర్థికశాస్త్రంలో మాస్టర్స్ కూడా ఉంది. 39 ఏళ్ళకి ఆర్థికశాఖ కార్యదర్శి అయ్యాడు. 1950లలో ఈ దేశం నుంచి దాదాపు నాలుగు లక్షల మంది వలసపోయారు. 1961 నాటికి జనాభా 28 లక్షలకి పడిపోయింది. జమాఖర్చులు చూసే ఆర్థికశాఖలో కూర్చుని, 1958లో ఆయన "ఎకనామిక్ డెవలప్‌మెంట్" అనే నివేదిక తెచ్చాడు. తలుపులు బిగించుకుని బతకడం మానేసి, ఎగుమతులకీ బయటి పెట్టుబడికీ దారి ఇవ్వాలన్నది దాని సారాంశం. ఈనాడు మనం ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న కంపెనీలు రావడానికి పునాది అక్కడ పడిందంటారు.

మరి 2008? అప్పటికే ఇక్కడున్న వాళ్ళెవరికీ ఆ ఏడాది చెప్పనక్కర్లేదు. యూసీడీ ఆర్థికశాస్త్ర ఆచార్యుడు మోర్గన్ కెల్లీ 2006 చివర్లోనే, ఇళ్ళ ధరలు బాగా కూలబోతున్నాయని పత్రికలో రాశాడు. అప్పుడు నవ్వినవాళ్ళే ఎక్కువ. తరవాత ధరలు సుమారు సగానికి పడ్డాయి. 2008 సెప్టెంబరు 29 రాత్రి ప్రభుత్వం బ్యాంకులకి గ్యారంటీ ఇచ్చింది. ఆఖరికి బ్యాంకులని నిలబెట్టడానికి అయిన ఖర్చు సుమారు 64 బిలియన్ యూరోలు. ఆ సెప్టెంబరులోనే ఒక బ్యాంకు తన సొమ్ము 7.2 బిలియన్ యూరోలని ఇంకో సంస్థ గుండా తిప్పించి, మళ్ళీ తన దగ్గరికే కస్టమర్ల డిపాజిట్‌గా రప్పించుకుంది. పుస్తకంలో ప్రతి అంకే సరిపోయింది, చూపించిన బొమ్మే అబద్ధం. 2018లో ఆ బ్యాంకు మాజీ అధిపతికి దీనిమీద ఆరేళ్ళ శిక్ష పడింది.

కాబట్టి దేశానికి ఇద్దరూ కావాలి. పుస్తకంలో రాసింది నిజమేనా అని పట్టుకునేవాడు కావాలి, ఇది ఎందుకు జరుగుతోంది, ఎక్కడికి పోతోంది అని అడిగేవాడూ కావాలి. ఆ దెబ్బ తిన్నాక, ఆర్థికశాఖలో ఎకనామిక్స్ బాగా తెలిసినవాళ్ళు తక్కువని ఒక సమీక్ష చెప్పింది. 2012లో ప్రభుత్వం ఎకనామిస్టుల కోసం ప్రత్యేకంగా ఒక సర్వీసే ఏర్పాటు చేసింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాన్నగారు గుంటూరులో మిర్చి కమిషన్ కొట్లో గుమాస్తా. చిట్టా రాసి, సాయంత్రానికి ఆవర్జాలోకి ఎక్కించి, నిల్వ తేల్చి గానీ ఇంటికొచ్చేవారు కాదు. నేనూ లెక్కల ఉద్యోగమే చేసుకుంటున్నాను. మా అమ్మాయి ఎకనామిక్స్ అంటే నేను ఒప్పుకోలేదు. "అకౌంటెన్సీ అయితే అన్నం పెడుతుందమ్మా" అన్నాను. రెండు వారాలు మాటల్లేవు. ఒక రాత్రి వచ్చి అడిగింది: "నాన్నా, మిర్చి ధర పడిపోయిన ఏడు తాతయ్య చిట్టాలో ఏం రాశారు?" "ఎన్ని టిక్కీలు, ఎంత ధర, ఎవరికెంత బాకీ, అన్నీ రాశారు" అన్నాను. "ఎందుకు పడిపోయిందో రాశారా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడు మా పెదనాన్న ఎకరం పొలం అమ్ముకున్నాడు. ఆ అమ్మకం కూడా చిట్టాలో ఒక పద్దే.

అందుకని ఫోన్ చేసిన ఆ అమ్మగారికి నేను చెప్పేది ఇది. ఒకటి, పాయింట్లు చదువు గొప్పతనానికి కొలత కాదు. సీట్లెన్ని, అడిగేవాళ్ళెందరు అన్నదాన్ని బట్టి వచ్చే ధర అది, మిర్చి ధరలాగే. "ఇన్ని పాయింట్లొచ్చాక తక్కువ కోర్సు తీసుకుంటే వృథా" అనే మాట దయచేసి పిల్లల ముందు అనకండి. రెండు, దరఖాస్తులో ఇష్టమైన కోర్సునే పైన రాయించండి. పై కోర్సుకి పాయింట్లు చాలకపోతే, కింద రాసినవాటిలో అందేది వస్తుంది, పైన రాసినందుకు నష్టమేమీ లేదు. జులై 1 దాకా వరస మార్చుకోవచ్చు కూడా. మూడు, ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క: ఎకనామిక్స్ చదివి అకౌంటెన్సీకి వెళ్ళడానికి దారుంది, పరీక్షలు కొన్ని ఎక్కువ రాయాలంతే. అకౌంటెన్సీ చదివి పై స్థాయి ఎకనామిక్స్‌కి వెళ్ళాలంటే లెక్కలు, స్టాటిస్టిక్స్ లోటు పూడ్చుకోవాలి, అది కష్టం. అలాగని లెక్కలంటే భయపడే పిల్లని ఎకనామిక్స్‌లోకి తోయకండి. ఒక పద్ధతిగా కూర్చుని, తప్పు ఎక్కడుందో పట్టుకునేదాకా లేవని పిల్లవాడుంటే, అతనికి అకౌంటెన్సీ చిన్న చదువేం కాదు. మా నాన్నగారి నిజాయితీ వల్లే ఆ కొట్లో రైతులెవరూ ఒక్క రూపాయి మోసపోలేదు.

నాలుగోది, కోర్సు పేరు చూసి తేల్చకండి. రెండో ఏడు ఏయే సబ్జెక్టులున్నాయో తీసి, పిల్లల చేత చదివించి, ఏది చదువుతుంటే వాళ్ళు ఇంకో ప్రశ్న వేస్తారో చూడండి.

మా అమ్మాయి ఎకనామిక్సే పెట్టుకుంది. రెండో ఏట ఎకనామెట్రిక్స్ దగ్గర ఒకసారి తప్పింది కూడా. ఏడ్చింది, మళ్ళీ రాసింది. "అకౌంటెన్సీ అయితే" అని ఆ రోజు నా నోటిదాకా వచ్చింది గానీ, అనలేదు. ఇప్పుడు చివరి ఏడాది వ్యాసానికి మిర్చి ధరల మీద పని చేస్తోంది. మొన్న గుంటూరు ఫోన్ చేసి, అటక మీది పెట్టెలో తాతయ్య చిట్టాలు ఏమన్నా మిగిలాయా అని మా తమ్ముణ్ణి అడిగింది. వాడు వెతుకుతానన్నాడు.