మూడు చక్రాల బండి వెనక

మా అమ్మాయి విశాఖపట్నంలో ఉంటుంది. దాని కూతురికి 13 నెలలు నిండినా ఇంకా అడుగు వెయ్యలేదని పిల్లల ఫిజియోథెరపిస్టు దగ్గరకి తీసుకెళ్లింది. ఆవిడ పిల్లని చూసి, భయపడాల్సిందేమీ లేదని చెప్పి, ఇంటి గురించి ఒక ఫారం నింపుకు రమ్మంది. ఇంట్లో మెట్లున్నాయా? పాకడానికి ఖాళీ ఎంత? పట్టుకుని నిలబడటానికి బల్లలూ కుర్చీలూ ఉన్నాయా? తోసే బొమ్మలెన్ని, లాగే బొమ్మలెన్ని? పిల్లని రోజుకి ఎంతసేపు నేల మీద వదులుతారు? అన్నిటికంటే పైన, నింపినవారి పేరు రాసే గీత పక్కన 'తల్లి' అని ముందే అచ్చువేసి ఉంది.

ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను.

1988లో ఇదే అమ్మాయి 14 నెలలకి నడవకపోతే మా ఇంట్లో ఏ ఫారం అవసరమూ రాలేదు. కారణం అందరికీ తెలుసు. తల్లి కాలేజీకి పోతోంది. మూడో నెల నిండగానే నేను పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయాను. "పిల్ల కాళ్లు పట్టేవాళ్లేరీ?" అని మా అత్తగారు ఇంటికి వచ్చిన ప్రతివాళ్లతోనూ అనేవారు. అది నిజమేమోనని రాత్రిళ్లు లేచి పిల్ల కాళ్లు తడుముకునేదాన్ని. పదిహేనో నెలలో ఒకరోజు, నేను ఇంట్లో లేనప్పుడు, మంచం కోడు వదిలి నాలుగడుగులు వేసిందట. ఆ అడుగులు నేను చూడలేదు. చూడనందుకు కూడా నన్నే అన్నారు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఆధారం లేకుండా నడవడం 8.2 నెలలకీ 17.6 నెలలకీ మధ్య ఎప్పుడైనా జరగవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించింది. ఆ అధ్యయనంలో మన ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. ఈ రెండంకెలు ఆ రోజు నా చేతిలో ఉంటే ఎంత ఏడుపు తప్పేదో అనుకుంటాను. మళ్లీ నాకే అనుమానం. అంకెలు చూపిస్తే మా అత్తగారు ఊరుకునేవారా?

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఈ ఫారం ఎక్కడినుంచి ఊడిపడిందా అని వెతికాను. ఇంటి వాతావరణం పిల్లల కదలికలకి ఎంత ఆసరా ఇస్తోందో కొలవడానికి 2005లో పోర్చుగల్, అమెరికా పరిశోధకులు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. తర్వాత ఏడాదిన్నరలోపు పిల్లల కోసం దాన్ని మళ్లీ మలిచారు. ఇంటి లోపలి జాగా, బయటి జాగా, బొమ్మల రకాలు, పెద్దవాళ్లు ఆడించే తీరు, ఇలా సాగుతుంది. పనికిమాలినదని నేననను. నేల మీద వదిలిన పిల్లే నేల నేర్చుకుంటుంది. కానీ ఆ ఖాళీ జాగాని తుడిచిందెవరు, పిల్ల నేల మీద ఉన్నంతసేపూ తమ ఏ పని మానుకుని కూర్చున్నదెవరు అన్న ప్రశ్న నాకు అందులో దొరకలేదు.

నడక ఎక్కడినుంచి వస్తుందన్నదానికి శాస్త్రం చెప్పిన జవాబులకీ ఒక చరిత్ర ఉంది. గత శతాబ్దం మొదటి సగంలో ఆర్నాల్డ్ గెసెల్ వంటివారు అది మొక్క చిగురేసినట్టు లోపలినుంచి దానంతటదే వస్తుందన్నారు. 1930లలో మర్టిల్ మెక్‌గ్రా అనే శాస్త్రవేత్త కవలల్లో ఒకడికి రకరకాల కదలికలు నేర్పించి, రెండోవాణ్ణి ఎక్కువసేపు తొట్టిలోనే ఉంచి చూసింది. తర్ఫీదు పొందినవాడికి నడక పెద్ద ముందుగా రాలేదు గానీ, ఏడాదిన్నర నిండకుండానే చక్రాల బూట్లేసుకుని జారాడు.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది చార్లెస్ సూపర్ 1976లో రాసిన వ్యాసం. ఆఫ్రికా పిల్లలు తెల్లపిల్లల కంటే ముందే కూర్చుంటారనీ నడుస్తారనీ చాలాకాలంగా చెప్పుకునేవారు. అది జాతి స్వభావం అనుకున్నవాళ్లూ ఉన్నారు. సూపర్ కెన్యాలోని కిప్సిగిస్ ఇళ్లల్లో చూస్తే తల్లులు పిల్లలకి కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతున్నారు. నేర్పినవి ముందుగా వచ్చాయి. నేర్పని పాకడం ముందుగా రాలేదు. అంటే అన్నేళ్లపాటు ప్రకృతి అనుకున్నది ఆడవాళ్ల పని. అది కంటికి ఆనలేదు, అంతే.

1984లో ఎస్తర్ థెలెన్ బృందం చేసిన పని ఇంకోరకం. అప్పుడే పుట్టిన బిడ్డని నిటారుగా పట్టుకుంటే అడుగులేస్తుంది. రెండు నెలలకి ఆ అడుగులు మాయమవుతాయి. మెదడు ఎదిగి వాటిని ఆపేస్తుందనుకునేవారు. థెలెన్ వాళ్లు పిల్లల్ని ఛాతీదాకా నీళ్లలో నిలబెడితే అడుగులు ఎక్కువయ్యాయి. అడ్డం వచ్చింది బొద్దుగా పెరిగిన కాళ్ల బరువు.

నీళ్లూ కాళ్లూ అనగానే నాకు మా పుట్టింట్లో నీళ్లుపోసే మామ్మ గుర్తొచ్చింది. మాది ఎలమంచిలి. 1960లలో మా తమ్ముడు పుట్టినప్పుడు రోజూ పొద్దున్నే వచ్చేది. పీట మీద కూర్చుని, చీర మోకాళ్లదాకా మడిచి, చాపిన కాళ్ల మీద పిల్లాణ్ణి బోర్లా పడుకోబెట్టి నూనె రాసేది. చేతులు ఎడాపెడా మడిచి, కాలు తెచ్చి ఎదుటి చేతికి తాకించి, సున్నిపిండితో రుద్ది, నీళ్లు పోసి, చివర్లో చంకల కింద పట్టుకుని నిలబెట్టేది. వాడు అడుగులేస్తే "రాజుగారు కచేరీకి బయల్దేరారు" అనేది. అదే ఆడపిల్లయితే "అత్తారింటికి నడుస్తావేటే" అనేది. తర్వాత మా పిన్ని కూతురికి చేసినప్పుడు విన్నాను.

ఆమె కాళ్లే మా ఇంటి పరికరం. అది ఏ ఫారంలో రాస్తాం? ఆమె కులం వల్ల పురిటిగదిలోకి వచ్చేది గానీ వంటింట్లోకి వచ్చేది కాదు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. మా తమ్ముడి ఒక్కో కదలికకీ వండిన ఆ పిండివంటలు వీధిగుమ్మం దగ్గరే ఆమె కొంగులో పడేవి. మా ఇంటి పిల్ల చేసే ప్రతి కొత్త పనికీ ఒక పేరుంది, ఒక వంట ఉంది. ఆమె వెంట ఏడాది పిల్ల ఒకతి వచ్చేది. తల్లి నీళ్లుపోసినంతసేపూ పెరటి అరుగు దగ్గర కూర్చునేది. ఈమధ్య ఒక పెళ్లిలో ఆ పిల్ల, ఇప్పుడు అరవై దాటిన మనిషి, నాకు కనిపించింది. "నాను మీ అరుగు పట్టుకునే లేసి నిలబడ్డానంట. మాయమ్మ సెప్పీది" అంది నవ్వుతూ. ఆమెకి ఇంటి వాతావరణం ఏ ఇల్లు?

తమ్ముడికి నడకొచ్చే వేళకి మా నాన్న ఏటికొప్పాక నుంచి మూడు చక్రాల బండి తెచ్చారు. ఎరుపూ పసుపూ పట్టీలతో ఉండేది. తోస్తే టకటకమనేది. అటక మీద ఇంకా ఉంది. మనవరాలి కోసం దించితే ఒక చక్రం పగిలి ఉంది. దాన్ని పట్టుకుని ఏటికొప్పాక వెళ్లాను.

వరాహ నది ఒడ్డునున్న ఆ ఊరు 2022 దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. అంకుడు కర్ర తేలిక, మెత్తన, ఉలికి తేలిగ్గా లొంగుతుంది. ఆరబెట్టిన కర్రని తరిణి మీద తిప్పుతూ ఆకారం తీస్తారు. తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్కని అదిమితే ఆ రాపిడి వేడికే కరిగి పరుచుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. మూలలు లేని నున్నటి బొమ్మ, చంటిపిల్ల పిడికిట్లో పట్టేది, నోట్లోకి వెళ్లేది. రసాయన రంగులు వచ్చి చేరాక ఆ నోటి సంగతే ప్రమాదంలో పడింది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి చెట్టుచేమల రంగుల వైపు కళాకారుల్ని మళ్లించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందే, 2017లో, ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు దక్కింది. దక్కాల్సిందే. అయితే ఈ చేతిపని గురించి నేను చదివినవాటిలో 'కళాకారుడు' అన్న మాటే ఎక్కువ. నేను వెళ్లిన ఇంట్లో మోటారు తరిణి ముందు కోడలు కూర్చుని ఉంది. అరుగు మీద అత్తగారు చక్రాల్ని ఒక్కొక్కటే వేలికి తగిలించి తిప్పి చూస్తోంది.

"మోటారు రాకముందు తాడు లాగింది ఎవరనుకున్నారు? నానే. ఉలి ఆయన పట్టీవోడు. పేరు ఉలి పట్టినోడికే గదమ్మా" అంది ఆవిడ. నా పగిలిన చక్రాన్ని కోడలు పావుగంటలో కొత్తది చేసి ఇచ్చింది. పిల్లలు తోసే బండికి చక్రాలు మరీ సులువుగా తిరగకూడదట. బండి ముందుకు పారిపోతే వెనకున్న పిల్ల బోర్లా పడుతుంది. "మా బుడ్డోడు పడ్డాడు, పెదవి తెగింది. అప్పట్నించీ ఇరుసు బిగువుగా ఎడతన్నాం" అంది. ఈ జ్ఞానం ఆమెది, ఆమె పిల్లాడి పెదవిది. లోపల కూర్చోబెట్టే ప్లాస్టిక్ వాకర్లని కెనడా 2004లో ప్రమాదాల కారణంగా నిషేధించింది. తోసే బండి వేరు. పిల్ల బరువు పిల్ల కాళ్ల మీదే ఉంటుంది, ఆసరా చేతులకి మాత్రమే.

ఆ ఇంటి గూట్లో ఒక పక్క బొంగరాలు, ఒక పక్క లక్కపిడతలు ఉన్నాయి. మూడు చక్రాల బండి దాకా ఆడా మగా తేడా లేదు. ఆ తర్వాతే దారులు చీలతాయి. వాడికి వీధిలోకి పరిగెత్తించే బొంగరం, దీనికి ఒకచోట కూర్చోబెట్టే చిన్న వంటిల్లు. చీలిక నిజానికి ఇంకా ముందే మొదలవుతుందేమో. 2000లో అమెరికాలో 11 నెలల పిల్లల తల్లుల్ని, మీ బిడ్డ ఎంత ఏటవాలు దాకా పాకి దిగగలదని అడిగారు. మగపిల్లల తల్లులు ఎక్కువ చెప్పారు, ఆడపిల్లల తల్లులు తక్కువ చెప్పారు. దించి చూస్తే ఇద్దరికీ తేడా లేదు. ఇక్కడ తల్లుల్ని తప్పుపట్టడం సులువు. నాకు మాత్రం నీళ్లుపోసే మామ్మ కచేరీ, అత్తారిల్లు గుర్తొచ్చాయి. నా కూతురు పెరటి జామచెట్టెక్కితే "దిగు, పడతావ్" అని నేను అరిచిన అరుపులూ గుర్తొచ్చాయి.

ఇంటి నుంచి బయటికి వస్తే అంగన్‌వాడీ. 1975లో ఆ పథకం మొదలైనప్పటినుంచీ తల్లి పనికి పోయిన పిల్లల్ని చూసుకుంటున్నది ఆడవాళ్లే. వాళ్లకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు రాష్ట్రంలో వాళ్లు సమ్మె చేస్తే ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అంటే అది అత్యవసర సేవ అని తెలుసన్నమాట.

బాగుచేసిన బండి తీసుకుని విశాఖ వెళ్లాను. మా అమ్మాయి ఫారంలో 'తల్లి' అన్నదాన్ని కొట్టేసి, తన పేరు, అల్లుడి పేరు, కింద ఆయా పేరు రాసింది. తోసే బొమ్మల దగ్గర 1 అని వేసింది. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పిల్లని చూసేది ఆయాయే. పాతికేళ్లుంటాయి, పాడేరు వైపు అమ్మాయి. నేను వెళ్లిన మూడోరోజు పిల్ల బండి పట్టుకుని హాలంతా టకటకమనిపించింది. ఆయా వంగి, తగలకుండా, రెండు చేతులూ చాచి వెనకే నడుస్తోంది.

ఆమెకి కూడా ఏడాది బాబు ఉన్నాడు, వాళ్లమ్మ దగ్గర వదిలొచ్చింది. నడుస్తున్నాడా అని అడిగాను.

"నిలబడ్డం ఫోన్లో చూపించారమ్మగారూ" అంది, పిల్ల మీంచి చూపు తిప్పకుండానే. "నడక, నేనెళ్లేసరికి వచ్చేస్తదేమో."