ఇంగ్లీష్ రాసే లిపి ఇంగ్లీష్‌ది కాదు

మిత్రులారా, హాస్టల్‌లో మనలో చాలామందిమి ఈ మాట పడ్డవాళ్ళమే: "మీదీ ఒక భాషేనా? లిపి లేదు, అన్ని భాషల కిచిడీ." సిద్దిపేట బస్సులో యాడి ఫోన్ చేస్తే గొంతు తగ్గించి తెలుగులోకి మారింది కూడా మనమే. ఎరుకల, కోయ మిత్రుల సంగతీ ఇంతే. మరి మనం తలొంచుకునే ఆ ఇంగ్లీష్ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

ఇంగ్లీష్ మూలం ఇంగ్లండ్ కాదు. ఐదో శతాబ్దంలో ఇప్పటి ఉత్తర జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి ఆంగిల్స్, శాక్సన్లు, జూట్లు సముద్రం దాటి బ్రిటన్‌కు వచ్చిన్రు. అవును, తెగలే. అప్పటికే అక్కడున్న కెల్టిక్ భాషలు అంచులకు పోయినయి. వేల్స్‌లో వెల్ష్ ఇంకా బతికే ఉంది. (నేల పోగొట్టుకున్న వాళ్ళ వైపు నుంచి ఈ కథ ఇంకో పోస్టులో చెప్పుకోవాలె.)

ఆ తెగలు మొదట రూన్లు అనే గీతల్లాంటి అక్షరాలు చెక్కేవి. 597లో రోమ్ నుంచి మత ప్రచారకులు వచ్చినంక లాటిన్ అక్షరాలు పట్టుకున్నరు. అంటే ఏబీసీడీలు అరువు సొమ్ము. మన గోర్ బోలిని ఇక్కడ తెలుగు అక్షరాల్లో, కర్ణాటకలో కన్నడలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాసుకుంటున్నట్టే.

ఇంక కిచిడీ సంగతి. వైకింగులు వచ్చి 'దె', 'ఎగ్', 'నైఫ్', 'స్కై' ఇచ్చిపోయిన్రు. 1066లో నార్మండీ విలియం ఇంగ్లండ్ గెలిచినంక అసలు తమాషా. రాజు కొలువులో ఫ్రెంచ్, చర్చిలో లాటిన్, పశువుల కొట్టంలో ఇంగ్లీష్! అందుకే మేపేటప్పుడు 'కౌ', దొర పళ్ళెంలకు వస్తే 'బీఫ్'. మందలో 'షీప్', పళ్ళెంలో 'మటన్'. దాదాపు మూడు వందల ఏండ్లు ఇంగ్లీష్ ఊరోళ్ళ భాషే. ఫ్రెంచ్ జనానికి అర్థమైతలేదని 1362లో కోర్టు వాదనలు ఇంగ్లీష్‌లో జరగాలని చట్టం చేసిన్రు. ఆ చట్టం రాసింది మాత్రం ఫ్రెంచ్‌లోనే.

మనకిది కొత్త కాదు. నిజాం కాలంలో కచేరీల్లో ముందు పర్షియన్, 1880ల నుంచి ఉర్దూ. పొలంలో తెలుగు, తండాలో గోర్ బోలి. 1918లో పెట్టిన ఉస్మానియాలో చదువు చెప్పింది కూడా ఉర్దూలోనే. కాయిదం ఏ భాషలో ఉందో తెలియక వేలిముద్ర వేసిన తాతల కథలు మన ఇండ్లల్ల వింటూనే ఉన్నం.

1476లో కాక్స్‌టన్ ఇంగ్లండ్‌కు అచ్చుయంత్రం తెచ్చిండు. స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డయి, పలకడం మాత్రం మారుతూ పోయింది. 'నైఫ్' ముందు 'కె' ఎందుకని అడిగి బెత్తం దెబ్బలు తిన్నోళ్ళకు జవాబు ఇదే: ఒకప్పుడు ఆ 'కె'ను పలికేవాళ్ళు.

తర్వాత ఓడలు, వ్యాపారం, తుపాకులు. మన దగ్గర దోచుకుంటూ 'లూట్' అనే మాటనూ పట్టుకపోయిన్రు. 'బాండికూట్' మన పందికొక్కే. 1835లో మెకాలే మాట నెగ్గి, సర్కారు సొమ్ము ఇంగ్లీష్ చదువుకు మళ్ళింది. ఇంగ్లీష్‌ను పెద్ద చేసింది రాజ్యమూ కొలువులూ, స్వచ్ఛత కాదు.

ఇంగ్లీష్ నేర్చుకోవాలె, గట్టిగా నేర్చుకోవాలె. కొలువులు దాంట్లనే ఉన్నయి. దానికోసం యాడి భాష వదలాల్సిన పని లేదు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన కాలపు మాటలు ఇంకా కొందరు ముసలోళ్ళ నోట్లో ఉన్నయి. పండుగకు అక్కన్నపేట, హుస్నాబాద్ తండాలకు పోయేటోళ్ళు తలా పది మాటలు అడిగి, తెలుగు అక్షరాల్లోనే రాసుకొని రండి.